ఐదో ఫ్లాపీ వెంట పలమనేరు దాకా

తిరుపతి వెళ్ళొచ్చానని చెప్పగానే మా తెనాలి ఇంట్లో అందరూ ప్రసాదం కోసం చేతులు చాచారు. కొండ ఎక్కలేదంటే ఎవరూ నమ్మలేదు. మూడు రోజుల పాటు ఆ కొండకు వీపు పెట్టి పలమనేరు దాకా పోయి వచ్చాను. కొండ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పుత్తూరు, చిత్తూరు, బంగారుపాళ్యం, పలమనేరు పనిగట్టుకుని చూడబోయేవాళ్ళు మా పక్క తక్కువ. అందుకని రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో పని చేస్తాను. రెండేళ్ళ కిందట మేము ఒక కంటి ఆసుపత్రికి ఐదు కంప్యూటర్లు అమ్మాం. ఒకటి తిరుపతిలో, నాలుగు ఆ ఆసుపత్రి పల్లెవాళ్ళ కోసం నడిపే నాలుగు చిన్న సెంటర్లలో. ఐదింటికీ వైరస్ పట్టింది. వైరస్ అంటే పురుగు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక ఒక్క మాట: అది ఎవరో పనిగట్టుకుని రాసిన దొంగ ప్రోగ్రాం. మంచి ప్రోగ్రాంలో దూరి కూర్చుంటుంది. ఆ మంచిది నడిచినప్పుడల్లా పక్కవాటికి అంటుకుంటుంది.

నా సంచిలో ఉన్నవి: వైరస్‌ను పట్టే ప్రోగ్రాం సీడీ ఒకటి, కంప్యూటర్లతో పాటు వచ్చిన అసలు సీడీ ఒకటి, కొత్త ఫ్లాపీలు పది, స్క్రూడ్రైవర్లు, రెండు జతల బట్టలు, గీతల నోటుబుక్కు. మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా కూడా ఉంది గాని అది రైల్లోనే మూత వదులై ఒక జత బట్టలను పనికి రాకుండా చేసింది. కాబట్టి ఒక జత అనుకోండి.

తిరుపతి

ఆసుపత్రిలో నన్ను పిలిపించిన ఆఫీసరు గారికి యాభై దాటి ఉంటాయి. కాఫీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు మొదలు పెట్టారు.

"పోయిన బుధవారం పదకొండు మందిని వ్యాన్లో తెచ్చినాము. కంట్లో పెట్టే లెన్సు కొలతలు కంప్యూటర్లో ఉండాల. తెరిస్తే పిచ్చి గీతలు. మళ్ళా కొలిచి పది మందికి ఆపరేషన్ చేసినాము. ఒక ముసలాయన మాత్రం, కొలత పారేసుకున్నోళ్ళు నా కంట్లో ఏం పెడతారప్పా అని లేచి పోయినాడు. ఆయన మాట ఇంకా నా చెవుల్లోనే ఉండాది."

నేను నోటుబుక్కు తీశాను.

"నాకు రెండు కావాల. ఒకటి, మిషన్లు బాగు పడాల. రెండు, ఇది యాడ మొదలైంది, ఎవురు తెచ్చినారు అనేది పేరుతో సహా రాసియ్యాల. ఆ మనిషిని నెలాఖరుకు పనిలోంచి తీసేస్తాము. ఒకర్ని తీస్తే మిగతావాళ్ళు జాగ్రత్తగా ఉంటారు."

గడులు గీసిన కాగితం ఒకటి ఇచ్చారు. సెంటరు, తేదీ, లోపం, చేసిన పని. చివరి గడి మీద "బాధ్యులు" అని ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాగితం నాకు నచ్చింది. గడులున్న కాగితం చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. అక్కడి కంప్యూటర్ శుభ్రం చేసి వ్యాన్ ఎక్కాను.

వ్యాన్‌లో

వ్యాన్ నడిపే ఖాదర్ చిత్తూరు మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఇంట్లో ఉర్దూ, స్టీరింగు ముందు తెలుగు, ఎదురుగా లారీ వస్తే అరవం. సోమవారం బయలుదేరి నాలుగు సెంటర్లూ తిరిగి, బుధవారం ఆపరేషన్ కావలసినవాళ్ళను ఎక్కించుకుని తిరుపతి చేరుస్తాడు. ఫోన్ లైన్లు సరిగా లేని సెంటర్లు కనుక వివరాలన్నీ ఫ్లాపీల్లో ఈ వ్యాన్‌లోనే వస్తాయి, పోతాయి. దుమ్ము పడకుండా వాటిని ఒక స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను తువ్వాలులో చుట్టి, తన సీటు పక్కన పెట్టుకున్నాడు. మా ఇళ్ళలో అలాంటి డబ్బాలో జంతికలు పోస్తారు.

"మీ పక్క మామిడికాయల్లో రాజు ఏది సార్?" అని అడిగాడు.

"బంగినపల్లి."

"మా పక్క ఖాదరు. నా పేరు మీద కాయే ఉండాది. మా అబ్బాజాన్ కాయను చూసి నాకు పేరు పెట్టినాడో, నన్ను చూసి కాయకు పెట్టినారో తెలీదు" అని తనే నవ్వాడు. దారి పొడుగునా చెట్లకు వేలాడుతున్న ముక్కు కాయలను మా గుంటూరు జిల్లాలో కలెక్టర్ కాయలంటాం. ఇక్కడ బెంగళూరా అంటారు. నేను కలెక్టర్ అంటే ఖాదర్ వ్యాన్ నిదానం చేసి మరీ నవ్వాడు.

పుత్తూరు

పుత్తూరు విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు. ఎక్కడెక్కడి నుంచో చేతులు, కాళ్ళు పట్టుకుని వస్తారు. టిఫిన్ తినడానికి దిగితే హోటల్లో సగం మందికి కట్లే. ఒక చేత్తో దోసె తుంచుకోవడం కష్టం కనుక ఎదుటివాళ్ళు తుంచి పెడుతున్నారు. ఒకరికొకరు కొత్తవాళ్ళే. దోసె ఐదు రూపాయలు, పక్కవాడి సాయం ఉచితం.

సెంటరు ఒక కట్టు కట్టే ఇంటి పక్క సందులో ఉంది. బరువు సంచి ఎడమ మోచేతికి తగిలించుకుని నేను సందులోకి తిరగ్గానే అరుగు మీది పెద్దమనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ ఇరిగింది?"

"ఏమీ విరగలేదండీ."

"అందురూ అట్లే అంటారు. కూసో."

కూర్చున్నాను. ఆయన మోచెయ్యి, మణికట్టు, ఐదు వేళ్ళూ నొక్కి చూసి, "ఏమీ ఇరగలా" అని నిరాశగా వదిలేశాడు.

పుత్తూరు సెంటర్లో ఆపరేటరు లలిత. ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ఆమె కంప్యూటర్ శుభ్రం చేసేసరికి గంటన్నర పట్టింది. తరువాత ఖాదర్ తెచ్చిన స్టీలు డబ్బా తెరిచాను. నాలుగు సెంటర్ల పేర్లు రాసిన నాలుగు ఫ్లాపీలు ఉన్నాయి. వాటి అడుగున, పేరు లేని పచ్చ ఫ్లాపీ ఒకటి.

"ఇదేమిటి?"

లలిత ఖాదర్ వైపు చూసింది. ఖాదర్ రోడ్డు వైపు చూశాడు.

"అది ఆఫీసుది కాదు సార్. మాది" అంది లలిత.

దాన్ని జాగ్రత్తగా తెరిచి చూశాను. బొమ్మలు గీసే ప్రోగ్రాంలో చుక్క చుక్కగా పెట్టి కలిపిన నెమలి ముగ్గు. చిత్తూరు సెంటరు దామోదరానికి కూతురు పుట్టినందుకు పూలదండ అంచుతో శుభాకాంక్షలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి రాసిన వేరుశనగ ఊరిబిండి పచ్చడి చేసే పద్ధతి. ఖాదర్ హారన్ గురించి నాలుగు లైన్ల ఎగతాళి. ఇంకా రెండు మూడు చిన్న ప్రోగ్రాంలు.

"ఎన్నాళ్ళుగా నడుస్తోంది ఇది?"

"ఏడాదిన్నర అయింటాది సార్. ఒకసారి ఆఫీసు ఫ్లాపీ చెడిపోతే పలమనేరు సెంటరు నాగవేణి తన సొంతది పంపించింది. పని అయినాక తిరిగి పంపాల గదా. ఖాళీగా ఎట్ల పంపేది? గిన్నె ఇచ్చినోళ్ళకు ఒట్టి గిన్నె ఇస్తామా సార్? ముగ్గు ఒకటి ఏసి పంపినా. ఆమె ఖాళీగా పంపలా. అట్లే తిరగతా ఉండాది."

మా ఇంట్లో కూడా అంతే. పక్కింటి గిన్నె తిరిగి ఇవ్వవలసి వస్తే మా అమ్మ అడుగున గుప్పెడు పంచదారైనా పోసి ఇస్తుంది. ఆ మర్యాద మీదే వైరస్ నాలుగు ఊళ్ళూ తిరిగి, ఆఫీసు ఫ్లాపీలకూ అంటుకుని తిరుపతి చేరింది. ఆ ఫ్లాపీలోని చిన్న ప్రోగ్రాంలు మూడింటిలోనూ అది ఉంది.

ఆ క్షణం నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. వైరస్ వచ్చిన దారి దొరికింది. ఏ ఫైలు ఏ కంప్యూటర్లోకి ఏ రోజు చేరిందో తేదీ ఉంటుంది. నాలుగు చోట్లా తేదీలు రాసుకుంటే, అన్నిటికన్నా పాతది ఎక్కడ ఉంటే అక్కడే మొదలు. నోటుబుక్కులో పుత్తూరు అని రాసి కింద గీత కొట్టాను. లలిత ఆ గీతను చూస్తూ నిలబడింది.

"ఎవురినైనా తీసేస్తారా సార్?" అంది.

"అది నా పని కాదమ్మా" అన్నాను. నా నోటుబుక్కు చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు.

చిత్తూరు

మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమైంది. ఖాదర్ తీసుకుపోయిన మెస్సులో పన్నెండు రూపాయలకు రాగి సంగటి ముద్ద, పప్పు, ఊరిబిండి. నేను ముద్దను తుంచి అన్నం నమిలినట్టు నములుతూ కూర్చున్నాను. పళ్ళకు అంటుకుని నోరు తెరుచుకోవడం లేదు. ఎదురుగా కూర్చున్న మామిడితోట రైతు నన్ను కాసేపు జాలిగా చూశాడు.

"ఏ ఊరప్పా?"

నోరు ఖాళీ లేక చేత్తో ఉత్తరం వైపు చూపించాను.

"నమలగూడదు సామీ. పప్పులో ముంచు. మింగు. సూడు" అని తన ముద్దలోంచి తుంచి, ముంచి, మింగి చూపించాడు. నేను చేశాను. "మళ్ళా" అన్నాడు. మళ్ళీ చేశాను. నా ముద్ద అయిపోయేదాకా తన చెయ్యి ఎండబెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష పాసయ్యాక గాని లేవలేదు.

చిత్తూరు ఆపరేటరు దామోదరం కొత్తగా తండ్రి అయిన మనిషి. నేను వైరస్ గురించి అడిగితే కూతురి ఫోటో చూపించాడు. కంప్యూటర్లో తేదీలు చూస్తే అన్నిటికన్నా పాతది, అంటే వైరస్‌ను మోసుకొచ్చినది, అక్షరాలు పెద్దవి చేసే ఒక చిన్న ప్రోగ్రాం. పుత్తూరులోనూ అదే ఉంది గాని ఇక్కడిది వారం ముందుది.

"ఇది నీకెందుకు?"

"నాకు పన్లేదు సార్. వ్యాన్ తిరిగి పోయేటప్పుడు బంగారుపాళ్యంలో ఎక్కింది. ఎవురికో పోతా ఉండింది. దారిలో నేను కూడా ఒక కాపీ ఏసుకున్నా." కొంచెం ఆగి, "పక్కింటికి పోయే పాయసం మన గడప మీదుగా పోతే ఒక గరిట పోసుకుంటాం గదా, అట్ల" అన్నాడు.

నవ్వొచ్చింది. నోటుబుక్కులో తేదీ మాత్రం రాసుకున్నాను. ఆ రాత్రి చిత్తూరు లాడ్జిలో పడుకున్నాను. గది ఎనభై రూపాయలు, ఫ్యాను ఉంది, స్విచ్చి లేదు.

బంగారుపాళ్యం

రెండో రోజు పొద్దున. ఆ వేళకే హైవే పక్క ట్రాక్టర్ల వరస మొదలైంది. జూన్ నెల, గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రోజులు. కాయలు నిండిన ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి, వాటి కింద నీడలో డ్రైవర్లు. గాలి పీల్చినా తీపిగా ఉంది. మా పక్క మామిడిపండు తినేది, ఇక్కడ అది తూకం వేసేది.

సెంటర్లో నేను కుర్చీలో కూర్చోగానే వరసలోని ఒక అవ్వ వచ్చి, నా ముందు స్టూలు మీద కూర్చుని, రెండు వేళ్ళతో తన కనురెప్ప పైకెత్తి పట్టుకుంది.

"సూడు నాయనా."

"నేను డాక్టర్ని కాదవ్వా."

"సూసేదానికి డాక్టరే కావాల్నా? ఎట్లుండాదో సెప్పు."

చూశాను. నల్లగుడ్డు మధ్య పలచటి పాలపొర. "తెల్లగా ఉందవ్వా" అన్నాను. "ఆ, అదే అందురూ అంటా ఉండారు" అని తృప్తిగా లేచి పోయింది.

బంగారుపాళ్యం ఆపరేటరు రాజేశ్వరి. అందరూ రాజీ అంటారు. నాకన్నా రెండేళ్ళు పెద్దది కావచ్చు. వైరస్ ఏం చేస్తుందో, ఎట్లా వస్తుందో నేను చెప్పకముందే అడిగి తెలుసుకుంది. నేను తేదీలు వెతకబోతే అడ్డం వచ్చింది.

"ఎతకొద్దు సార్. నేనే తెచ్చినా. చిత్తూరులో ఇంటర్నెట్ సెంటరుకు పోయి, గంటకు ముప్పై రూపాయలిచ్చి దించుకొచ్చినా. దాంట్లో ఇట్లాంటిది ఉంటాదని తెలీదు. నా పేరు రాసుకోండి."

"ఎందుకు తెచ్చారు?"

"అది అడగొద్దు."

"మీకు కళ్ళు బాగానే ఉన్నాయి కదా. అక్షరాలు పెద్దవి చేసేది ఎవరి కోసం?"

"పేరు ఒకటే గదా మీకు కావాల్సింది? ఒక గడికి ఒక పేరు చాలదా?"

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. నా కాగితాన్ని తన వైపు తిప్పుకుని "బాధ్యులు" గడి మీద వేలు పెట్టి చూపించింది. ఆమె ఉద్యోగం పోతే ఇంట్లో ఏమవుతుందో ఖాదర్ దారిలోనే చెప్పాడు: తండ్రికి పక్షవాతం, తమ్ముడు ఐటీఐ. నేను పెన్ను తీశాను. మూత తీయలేదు.

శుభ్రం చేసిన కంప్యూటర్ మళ్ళీ మొదలయ్యేలోపు ఆమె మరో విషయం అడిగింది.

"పదకొండు మంది కొలతలు పోయినాయి గదా సార్. తిరుపతిలో పోతే ఇంగ యాడా లేవు. ఎందుకట్ల? మేం ఊరికి పోతే ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి పోతాం. నా సెంటరువి చిత్తూరులో ఒక కాపీ, చిత్తూరువి నా తావ ఒక కాపీ పెట్టుకుంటే ఒకరిది చెడినా ఇంకొకరిది ఉంటాది గదా."

నేను చదువుకున్న పుస్తకాల్లో దీనికి ఒక అధ్యాయం ఉంది. కంప్యూటర్లు అమ్మిన రోజున మా కంపెనీలో ఎవరమూ దాన్ని తెరవలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. ఈసారి పెన్ను మూత వెంటనే ఊడింది.

మొగిలి ఘాట్

బంగారుపాళ్యం దాటాక రోడ్డు కొండెక్కుతుంది. మలుపు మలుపుకూ వేడి తగ్గింది.

"సార్, రాజీ పాప పేరు రాసినారా?"

"ఇంకా లేదు."

"ఆ డబ్బాను మోసింది నేను. నా పేరు కూడా పక్కన రాయండి. గడి చిన్నదైతే నా పేరు మూడు అక్షరాలే."

మలుపు దగ్గర కోతులు కూర్చుని ఉన్నాయి. ఖాదర్ వాటికి పడేసిన కాయ ఏ రకమని కూడా నేను అడగలేదు.

పలమనేరు

పలమనేరులో జూన్ నెలలోనూ చెమట పట్టలేదు. అక్కడివాళ్ళకు ఆ సంగతి గొప్ప. కాఫీ ఇచ్చిన మనిషి కూడా "మా ఊర్లో ఫ్యాను అక్కర్లేదు సార్" అన్నాడు, ఫ్యాను కింద నిలబడి.

మిగతా మూడు సెంటర్లలోకి ఖాదర్ మామూలుగా నడిచి వెళ్ళాడు. ఇక్కడ గడప దగ్గరే ఆగి, "నేను ఖాదర్‌ను వచ్చినా పాపా. హైదరాబాదు సార్ కూడా వచ్చినాడు. నా ఎడం పక్క ఉండాడు" అన్నాడు. లోపలి నుంచి ఒక అమ్మాయి లేచి నా వైపు చక్కగా తిరిగి నమస్కారం పెట్టింది. నాగవేణి.

ఆమె పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. తెర మీద ఒక్కొక్క అక్షరం నా బొటనవేలంత ఉంది. అయినా ఆమె మొహం తెరకు జానెడు దూరంలోనే ఉంది. ఒక రోగి పేరు, వయసు, కుడి కన్ను, ఎడమ కన్ను. కీబోర్డు మీద వేళ్ళు మాత్రం నాకన్నా వేగంగా నడుస్తున్నాయి. నాలుగు సెంటర్లలో తప్పుల్లేకుండా వివరాలు పంపేది ఈమేనని తిరుపతిలో ఆఫీసరు గారే చెప్పారు.

ఆ ప్రోగ్రాం ఎవరి కోసం ప్రయాణం చేసిందో ఇక అడగక్కర్లేదు.

"సార్, వైరస్ దాంట్లోనే ఉండాదంట గదా. దాన్ని కూడా తీసేస్తారా?" అంది.

"తియ్యాలమ్మా."

"సరే సార్." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "కంటి ముందర గాజు పొర పలచబడతా ఉండాదని బెంగళూరులో చెప్పినారు. ఏడాది దాటింది. ఈడ చెప్పలా. కనపడని దానికి కండ్లాసుపత్రిలో ఏం పని అంటారు గదా. రాజక్క ఒక్కదానికే చెప్పినా. ఆమె ఆ ప్రోగ్రాం పంపించినాకే మళ్ళా పని చేస్తా ఉండా."

ఆమెకు చెప్పిన జవాబు చాలా మామూలుది. "దానికి బయట నుంచి తేవాల్సిన పని లేదు. అక్షరాలు పెద్దవి చేసే పనిముట్టు కంప్యూటర్‌తోనే వస్తుంది. చూపిస్తాను" అన్నాను. వెతికాను. లేదు. పైన చూశాను, కింద చూశాను. ఎక్కడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట, నేను కంపెనీలో చేరిన మొదటి నెల, ఈ ఐదు కంప్యూటర్లలో ఏమేం ఉంచాలి, ఏమేం తీసేయాలి అని నాకు జాబితా రాయమన్నారు. డిస్కులో చోటు తక్కువ. ఒక్కొక్కటే చదివి, "అవసరం లేనివి" అని శీర్షిక పెట్టి, వరసగా టిక్కులు కొట్టాను. చూపు తక్కువ వాళ్ళ కోసం పెట్టిన పనిముట్లు ఆ జాబితాలో ఉన్నాయి. కంటి ఆసుపత్రికి పోయే కంప్యూటర్లని తెలిసే కొట్టాను. రోగులు కదా చూపు తక్కువ వాళ్ళు, ఆపరేటర్లు కారు కదా అనుకున్నాను. అంత చక్కటి జాబితా కంపెనీలో ఎవరూ రాయలేదని మా మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

వైరస్ పట్టే ప్రోగ్రాం కూడా అదే జాబితాలో ఉంది. ఇంటర్నెట్ లేని చోట దాని అవసరమేమిటని.

అసలు సీడీ సంచిలోనే ఉంది. పనిముట్టును తిరిగి ఎక్కించడానికి పావుగంట కూడా పట్టలేదు. తెర పై సగంలో అక్షరాలు పెద్దవై, ఆమె వేలు కదిలిన చోటుకల్లా కదిలాయి. నాగవేణి ఒక రోగి పేరు చదివింది. తరువాత ఇంకొకటి. తరువాత కుర్చీ రెండు బెత్తెలు వెనక్కి జరుపుకుంది.

"ఇది రాజక్క దానికంటే బాగుండాది. ఆమెకు చెప్పొద్దు సార్, నొచ్చుకుంటాది" అంది.

సాయంత్రం దాకా కూర్చుని ముగ్గురం ఐదో ఫ్లాపీకి కట్టుబాట్లు రాశాం. నేను నిషేధించమని రాయబోతే ఖాదర్ ఒప్పుకోలేదు. నిషేధిస్తే జేబులో పెట్టుకుని తెస్తారు, డబ్బాలో ఉంటే కనపడుతుంది అన్నాడు. నిజమే. చివరికి మిగిలినవి మూడు. తెరవకముందు పరీక్ష చేయాలి. ముగ్గులు, ఉత్తరాలు, వంటలు ఎన్నైనా పంపుకోవచ్చు, ప్రోగ్రాంలు వద్దు. కొత్త వైరస్‌లను గుర్తు పట్టే ఫైలు నెలనెలా మా కంపెనీ నుంచి తిరుపతికి వస్తుంది, అక్కడి నుంచి ఆ పచ్చ ఫ్లాపీలోనే నాలుగు ఊళ్ళకూ పోతుంది. రాజీ చెప్పిన పక్కింటి తాళం పద్ధతి వేరే కాగితం మీద, ఆమె పేరుతో రాశాను.

చివరి గడి మిగిలింది. దాంట్లో నా పేరు రాశాను. కింద కారణం రెండు వాక్యాల్లో: అవసరమైన పనిముట్టును నేను తీసేశాను, అందువల్ల సిబ్బంది బయట నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. పనిముట్టు ఎవరికి అవసరమో రాయలేదు. అది చెప్పే హక్కు నాది కాదు కనుక నాగవేణికి చదివి వినిపించి, "ఇంతవరకే ఉంచుతాను" అన్నాను.

"ఎవురికి అని అడుగుతారు సార్. మీరు చెప్పరు. అప్పుడు రాజక్కను పిలుస్తారు. ఆమె కూడా చెప్పదు" అంది. ఖాదర్ వైపు తిరిగింది. "రేపు వ్యాన్లో నాకు ఒక సీటు ఉంటాదా అన్నా?"

"నీకు లేకపోతే ఇంగెవురికి పాపా" అన్నాడు ఖాదర్.

మళ్ళీ తిరుపతి

బుధవారం వ్యాన్‌లో ఆపరేషన్లకు వచ్చేవాళ్ళు తొమ్మిది మంది. బంగారుపాళ్యం అవ్వ కూడా ఎక్కింది. నన్ను చూసి, "తెల్లగా ఉండాదని చెప్పిన డాక్టరు ఈయనే" అని అందరికీ పరిచయం చేసింది. రాజీ వ్యాన్ దగ్గరకు వచ్చి, లోపల నాగవేణిని చూసి, ఏమీ అడగకుండా తన తలలోని మల్లెపూలు సగం తుంచి కిటికీలోంచి ఇచ్చింది. దారి పొడుగునా అవ్వ పాటలు పాడింది.

ఆఫీసరు గారు నా కాగితాలు ఒక్కొక్కటే చదివారు. పక్కింటి తాళం కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టుకున్నారు. చివరి గడి దగ్గర ఆగారు.

"ఇది మీ పేరు గదా?"

"అవునండీ."

"తెచ్చినోళ్ళ పేరు రాయమంటే మీ పేరు రాసినారే."

కారణం చెప్పాను. జాబితా సంగతి, టిక్కుల సంగతి.

"అది సరే. బయట నుంచి తెచ్చింది యా సెంటరు? ఎవురికి కావాల్సి వచ్చింది?"

"నాకు సార్" అంది నాగవేణి, తలుపు దగ్గర నుంచి.

"నీకెందుకు పెద్దక్షరాలు?"

"మీ బల్ల మీద క్యాలెండరు ఉండాదని తెలుసు సార్. తేదీ కనపడదు. ఈడి నుంచి మీ మొగం కూడా కనపడదు. గొంతును బట్టి కోపంగా ఉండారని తెలస్తా ఉండాది."

ఆఫీసరు గారు క్యాలెండరు వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశారు.

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాది పైన."

"ఏడాది పైన ఈ ఆసుపత్రి జీతం తీసుకుంటా, కండ్లు సూపించుకోలేదా నువ్వు?"

"కార్డు రాయిస్తే కంప్యూటర్లో ఎక్కించాల సార్. మా సెంటరువి ఎక్కించేది నేనే. ఎక్కిస్తే మీరు చదువుతారు. చదివితే తీసేస్తారు."

ఆయన కుర్చీలోంచి లేచారు. నా కాగితాలు చేతిలోనే ఉన్నాయి. మమ్మల్ని రమ్మని కూడా అనకుండా వరండాలోకి నడిచారు. మేము వెనకే పోయాం. కార్డులు రాసే కిటికీ దగ్గర పొడుగు వరస ఉంది. ఆయన వరస పక్క నుంచి పోయి కిటికీ ముందు నిలబడి, నాగవేణి చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చారు.

గుమాస్తా తల ఎత్తలేదు. "పేరు?"

"నాగవేణి."

"వయసు?"

"ఇరవై నాలుగు."

"ఊరు?"

"పలమనేరు."

"ఏం పని చేస్తావు?"

ఆఫీసరు గారు ఎటు పక్క నిలబడ్డారో వెతుకుతున్నట్టు నాగవేణి తల కొంచెం తిప్పింది. గుమాస్తా మళ్ళీ అడిగాడు. "ఏం పనమ్మా?"

"ఆపరేటరు. పలమనేరు సెంటరు" అన్నారు ఆఫీసరు గారు.

గుమాస్తా ఆ గొంతు విని ఉలిక్కిపడి లేవబోయాడు.

"కూసోప్పా. రాయి."

అతను రాశాడు. నాగవేణి కార్డు తీసుకుని, వేళ్ళతో దాని అంచులు తడిమి చూసుకుని, వెళ్ళి బంగారుపాళ్యం అవ్వ పక్కన బెంచీ మీద కూర్చుంది.